చౌక్ దాటేటప్పుడు జాగ్రత్తలు, ప్రమాదం జరిగితే చేయవలసినవి



మన సోలాపూర్ పూర్వ విభాగంలో ఇల్లు, సాంచెలు, బీడీ కార్ఖానా, బడి అన్నీ దగ్గర దగ్గరే. అందుకే పొద్దున ఒకే గంటలో అందరమూ రోడ్డు మీదే ఉంటాం. పిల్లలు బడికి, కార్మికులు షిఫ్టుకు, బీడీలు ఇచ్చి ఆకు, తంబాకు తెచ్చుకునే అమ్మలు కార్ఖానాకు వెళ్తుంటారు. వాళ్ల మధ్యలోనే తువ్వాళ్ల గఠాణ్లు మోసే టెంపోలు, షేర్ రిక్షాలు. అశోక్ చౌక్, కన్నా చౌక్, శాంతి చౌక్, జోడ్ బసవణ్ణ చౌక్ రోజూ దాటే వాళ్లకు ఇదంతా కొత్త కాదు. అలవాటైన చోటు కదా అని భయం పోతుంది, ప్రమాదం కూడా అక్కడే పొంచి ఉంటుంది.

దేశం మొత్తంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్క. అందులో దాదాపు 44 శాతం ద్విచక్ర వాహనాల మీద వెళ్లినవాళ్లే. మనలో ఎక్కువ మందికి ఉన్నది ఆ బండే. కాబట్టి ఈ పేజీని ఇంట్లో అందరూ చదవాలి.

చౌక్‌లో ఎందుకు ప్రమాదం?

చౌక్‌లో బండ్లు ఒకదాని దారిని ఒకటి అడ్డంగా కోస్తాయి. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి ఒక్క సెకనులో 11 మీటర్లు ముందుకు పోతుంది. మీరు అటు ఇటు చూసి నిర్ణయం తీసుకునేలోగా అది మీ దగ్గరికి వచ్చేస్తుంది.

సిగ్నల్ గానీ పోలీసు గానీ లేని చౌక్‌లో ఎవరు ముందు పోవాలి? చాలామంది 'హారన్ గట్టిగా కొట్టినవాడు' అనుకుంటారు. నియమం అది కాదు. పెద్ద రోడ్డు మీద వచ్చే బండికి మొదటి దారి ఇవ్వాలి. రెండూ సమానమైన రోడ్లయితే మన కుడి వైపు నుంచి వచ్చే బండికి దారి వదలాలి. గోల్ సర్కిల్ ఉన్నచోట ఇప్పటికే లోపల తిరుగుతున్న బండిది ముందు హక్కు. జీబ్రా పట్టీల మీద మనిషి ఉంటే బండి ఆగాలి.

పిల్లలూ, మీరు గుర్తు పెట్టుకోవలసినవి:

1. ఆగి ఉన్న రిక్షా, బస్సు ముందు నుంచి రోడ్డు దాటొద్దు. వెనక నుంచి వచ్చే బండికి మీరు కనబడరు, మీకు అది కనబడదు. బస్సు వెళ్లిపోయేదాకా ఆగండి.
2. లారీకి ఎడమ పక్కన సైకిల్ నిలపొద్దు. లారీ ఎడమకు తిరిగేటప్పుడు దాని వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, ఇంకా లోపలికి కోసుకుంటూ వస్తాయి. డ్రైవరుకు ఆ మూల కనబడదు.
3. అక్కల్‌కోట్ రోడ్డు మీద కుంభారి ఘర్‌కుల్ నుంచి వచ్చే పిల్లలు, హైదరాబాద్ రోడ్డు దాటే పిల్లలు పెద్దవాళ్లతోనే దాటాలి. ఇవి ఊరి సందులు కావు, పెద్ద రోడ్లు.
4. చెరకు సీజన్‌లో రాత్రిపూట రెండు ట్రాలీల ట్రాక్టర్లు తిరుగుతాయి. వెనక లైటు లేనివీ ఉంటాయి. దగ్గరికి వచ్చేదాకా తెలియవు. ట్యూషన్ నుంచి చీకట్లో సైకిల్ మీద రావడం మానండి.

తల్లిదండ్రులకు ఒక మాట. 'పక్క సందులోకే కదా' అని పిల్లల చేతికి స్కూటీ ఇవ్వొద్దు. గేరు బండికైనా స్కూటీకైనా లైసెన్సుకు 18 ఏళ్లు నిండాలి, 50 సీసీ లోపు బండికైతేనే 16. మైనరు బండి నడిపి ప్రమాదం చేస్తే, మోటారు వాహనాల చట్టం 199ఏ సెక్షన్ ప్రకారం తల్లిదండ్రికి లేదా బండి యజమానికి 3 ఏళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జుర్మానా పడవచ్చు. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు దొరకదు. ఇక హెల్మెట్ సంగతి. 4 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ, వెనక కూర్చున్నవాళ్లకు కూడా అది తప్పనిసరి.

ప్రమాదం జరిగిన మొదటి గంట

దెబ్బ తగిలిన తర్వాతి మొదటి గంటను చట్టమే 'గోల్డెన్ అవర్' అని పిలుస్తుంది. ఆ గంటలో సరైన వైద్యం అందితే ప్రాణం నిలిచే అవకాశం ఎక్కువ.

ముందుగా వచ్చే బండ్లను ఆపండి, లేకపోతే ఇంకో ప్రమాదం అవుతుంది. అంబులెన్సుకు 108, పోలీసులకు 112. జాతీయ రహదారి మీదైతే 1033 కూడా పనిచేస్తుంది. ఫోనులో చౌక్ పేరు, పక్కన కనబడే దుకాణమో గుడో, ఎంతమందికి దెబ్బలు తగిలాయో చెప్పండి.

రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కి పట్టుకోండి. మన పేటలో తువ్వాలుకు కొదవ లేదు. తడిసిపోతే దాన్ని తీయకుండా పైన ఇంకోటి పెట్టి నొక్కండి. పసుపు, కాఫీ పొడి, సున్నం పెట్టొద్దు. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయొద్దు, అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మెడ, నడుము నొప్పి అంటే కదపొద్దు. చేతులు కాళ్లు పట్టి ఎత్తి రిక్షాలో కుక్కితే వెన్నుపూస దెబ్బతిని జీవితాంతం మంచాన పడే ప్రమాదం ఉంది. తలకు దెబ్బ తగిలి 'ఏం కాలేదు' అని లేచి నడిచినవాళ్లను కూడా ఒక రోజు కనిపెట్టి ఉండాలి. వాంతులైనా, మత్తుగా ఉన్నా వెంటనే దవాఖానాకు తీసుకుపోవాలి.

'పోలీసుల లఫడా మనకెందుకు బా' అని చాలామంది పక్కకు జరుగుతారు. ఆ భయం ఇప్పుడు అక్కర్లేదు. 2016 మార్చి 30న సుప్రీం కోర్టు ఇచ్చిన తీర్పు, 2019లో చట్టంలో చేర్చిన 134ఏ సెక్షన్ సాయం చేసినవాళ్లను కాపాడుతున్నాయి. మీ పేరు, ఫోను నంబరు చెప్పమని ఎవరూ బలవంతం చేయకూడదు. దవాఖానావాళ్లు మిమ్మల్ని ఆపకూడదు, డబ్బు కట్టమనకూడదు. ప్రాణాపాయంలో ఉన్నవాళ్లను ప్రైవేటు డాక్టరు కూడా ముందు చూడాల్సిందేనని సుప్రీం కోర్టు 1989లోనే చెప్పింది.

2025 మే 5 నుంచి ఇంకో సౌకర్యం ఉంది. రోడ్డు ప్రమాదంలో గాయపడినవాళ్లకు, ఎంపిక చేసిన ఆసుపత్రుల్లో 7 రోజుల వరకు 1,50,000 రూపాయల దాకా నగదు లేకుండా చికిత్స. కౌంటరు దగ్గర ఈ పథకం గురించి మీరే అడగండి.

ఆ తర్వాత కాగితాలు

మనవాళ్లు నష్టపోయేది ఎక్కువగా ఇక్కడే. రోడ్డు మీదే 'రెండు వేలు తీసుకో, కంప్లైంట్ వద్దు' అంటే ఒప్పుకోవద్దు. లోపలి దెబ్బ రెండు రోజుల తర్వాత బయటపడవచ్చు. అప్పుడు చేతిలో కాగితం ఉండదు, అవతలివాడు దొరకడు.

బండ్లు జరపకముందే నంబరు కనబడేలా ఫోటోలు తీయండి. దవాఖానాలో 'రోడ్డు ప్రమాదం' అని చెప్పి అలాగే రాయించండి. బండి నడిపినవాడు గాయపడినవాళ్లను వైద్యానికి చేర్చాలి, పోలీసులకు తెలపాలి, ఆలస్యమైనా 24 గంటల్లోపు తెలపాలి. ఇది 134 సెక్షన్.

పంచనామా, జబాబు, ఫిర్యాదు మరాఠీలోనే రాస్తారు. ఇంట్లో పెద్దవాళ్లకు చాలామందికి తెలుగు మాత్రమే వస్తుంది, కొందరికి చదువే రాదు. అయినా ఏం రాశారో వినకుండా సంతకం చేయొద్దు, వేలిముద్ర వేయొద్దు. ఫిర్యాదును చదివి వినిపించడం పోలీసుల బాధ్యత. ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. 'ఎడమ వైపు నడుస్తున్నాను' అన్నది 'రోడ్డు మధ్యలో నడుస్తున్నాను' అని పడితే కోర్టులో నష్టపరిహారం తగ్గిపోవచ్చు. ఆడవాళ్లను, 60 ఏళ్లు దాటిన మగవాళ్లను సాక్ష్యం కోసం స్టేషనుకు రమ్మని బలవంతం చేయకూడదు. ఇంటికే వచ్చి అడగాలి.

పిల్లలూ, బడిలో మీరు నేర్చుకునే మరాఠీ ఇక్కడ అక్కరకు వస్తుంది. అవ్వ పక్కన కూర్చుని మరాఠీ కాగితం చదివి తెలుగులో అర్థం చెప్పగలిగితే, ఆ రోజు ఇంటికి మీరే వకీలు.

నష్టపరిహారం

మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో దావా వేయడానికి చట్టం ఇచ్చిన గడువు 6 నెలలు. ప్రమాదం తెలంగాణలో బంధువుల పెళ్లికి పోయినప్పుడు జరిగినా, మనం ఉండే సోలాపూర్‌లోనే దావా వేయవచ్చు. ఎంత వస్తుందనేది సంపాదన రుజువు మీద ఆధారపడుతుంది. అందుకే సాంచెల మీద పనిచేసేవాళ్లు పగారు చిట్టీలు, బీడీ కార్మికులు పీఎఫ్ కాగితాలు, మజూరీ పుస్తకం దాచి పెట్టుకోవాలి. ఇంటి పని చేసే తల్లి శ్రమకు కూడా విలువ కట్టాలని 2021 జనవరిలో సుప్రీం కోర్టు చెప్పింది. 'ఆమెకు సంపాదన లేదు' అని ఎవరన్నా వినొద్దు.

గుద్దిన బండి దొరకకపోయినా దారి ఉంది. 2022 ఏప్రిల్ 1 నుంచి ఇలాంటి కేసుల్లో మరణానికి 2,00,000, తీవ్ర గాయానికి 50,000 రూపాయలు ప్రభుత్వ పథకం ద్వారా ఇస్తారు. తహసీల్దారు స్థాయి అధికారి దగ్గర అర్జీ పెట్టుకోవాలి. వకీలుకు డబ్బు లేకపోతే న్యాయ సేవా ప్రాధికరణం 15100కు ఫోను చేయండి. ఆడవాళ్లకు, పిల్లలకు ఆదాయంతో పని లేకుండా ఉచితం.

ఈ వారం ఇంటి పని: ప్రతి విద్యార్థి ఈ పేజీని ఇంట్లో పెద్దవాళ్లకు బిగ్గరగా చదివి వినిపించాలి. 108, 112, అమ్మానాన్నల నంబర్లు, తన రక్తం గ్రూపు డైరీ మొదటి పేజీలో రాసుకోవాలి. రక్తం గ్రూపు తెలియకపోతే ఆ గీత ఖాళీగా ఉంచి క్లాస్ టీచరుకు చెప్పండి. సోమవారం డైరీలు చూస్తాం.

ప్రధానోపాధ్యాయులు