మొదటి రోజు రాసిన పేర్లు

గుడివాడలో డిగ్రీ చదువుతున్న మా మనుమరాలు ఇంటర్న్‌షిప్ కోసం మొన్న గ్రామ సచివాలయానికి వెళ్లింది. సాయంత్రం వచ్చి "రోజంతా పేర్లు సరిచూడడమే తాతయ్యా, విసుగొచ్చింది" అన్నది.

నాకు నా మొదటి రోజు జ్ఞాపకం వచ్చింది. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచివేసింది. సుమారు పదివేల మంది మరణించారు. అప్పుడు నేను బందరులో డిగ్రీ విద్యార్థిని. సహాయానికి అవనిగడ్డ వెళ్లిన మాలో దస్తూరి బాగున్నవారిని మృతుల జాబితాలు రాయడానికి కూర్చోబెట్టారు.

ఒక పెద్దాయన వచ్చి "మా ఇంట్లో నలుగురు పోయారు బాబూ" అన్నాడు. నేను "4" అని వేశాను. ప్రక్కనున్న గుమాస్తాగారు నా కలం ఆపి, "అంకెకు వారసులుండరు నాయనా. పేరు, తండ్రి పేరు, వయస్సు రాయి. రేపు సాయం వచ్చేది ఈ కాగితం మీదనే" అన్నారు. పెద్దాయన మూడు పేర్లు చెప్పి ఆగిపోయాడు. నాలుగవది పసిగుడ్డు. ఇంకా పేరు పెట్టలేదు. "ఆడ శిశువు, 9 దినములు" అని రాశాను.

తరువాత నేనూ గుమాస్తానయ్యాను. 1959లో ఏర్పడిన పంచాయతీ సమితులు పోయి 1987లో మండల పరిషత్తులు వచ్చాయి. 2019లో గ్రామ సచివాలయాలు వచ్చాయి. రిజిస్టర్లు కంప్యూటరులోకి వెళ్లాయి. కాని పేరులో ఒక్క అక్షరం తప్పుపడితే ఎంత తిరగాలో పెన్షనరు మిత్రులకు నేను చెప్పనక్కరలేదు.

అంతా విని మనుమరాలు "ఆ పాపను లెక్కలో వేశారా తాతయ్యా?" అని అడిగింది.

"వేశాం తల్లీ. పేరు లేకపోయినా వరుస సంఖ్య ఇచ్చాం" అన్నాను.