కెరీనా తారల నామకరణం: ఒక ఓడ ఆనవాళ్లు

దక్షిణాకాశంలోని కెరీనా నక్షత్రమండలంలో ఆల్ఫా, బీటా తారలున్నాయి. గామా, డెల్టాలు లేవు. ఆ పిమ్మట ఎప్సిలాన్ ఉంది. ఈ ఖాళీలకు కారణం నామకరణ చరిత్రలో లభిస్తుంది.

రెండవ శతాబ్దిలో టాలెమీ పేర్కొన్న 48 మండలాలలో ఆర్గో అనే మహానౌక ఒకటి. 1751-52లో గుడ్‌హోప్ అగ్రం నుండి ఆకాశాన్ని పరిశీలించిన ఫ్రెంచి ఖగోళవేత్త లాకాయ్ ఆ ఓడను అడుగుభాగం (కెరీనా), వెనుకభాగం (పప్పిస్), తెరచాపలు (వేలా)గా విభజించాడు. గ్రీకు అక్షరాలను మాత్రం ఓడ మొత్తానికీ ఒకే వరుసలో ఇచ్చాడు. అందువల్ల గామా, డెల్టాలు వేలాకు, జీటా పప్పిస్‌కు చెందాయి. 1922లో అంతర్జాతీయ ఖగోళ సంఘం ఆమోదించిన 88 మండలాలలో ఆర్గోకు చోటు లేదు. అక్షరాలు మాత్రం నిలిచాయి.

కెరీనాలోని ఈటా తార 1843లో సిరియస్ తరువాతి స్థానానికి చేరి, కొన్నేళ్లకే కంటికి కనబడనంతగా మసకబారింది. దాని అక్షరం మారలేదు. ఆల్ఫా తార కెనోపస్ భారతీయులకు అగస్త్యుడు. బృహత్సంహితలో వరాహమిహిరుడు అగస్త్యచారానికి ప్రత్యేకంగా ఒక అధ్యాయం కేటాయించాడు. ఏ ఓడకూ చెందని ఆ పేరును ఈ విభజన తాకలేదు.

కనుక కెరీనాలోని అక్షరలోపాలు దోషాలు కావు. తాళపత్ర ప్రతిలో తప్పిపోయిన పత్రసంఖ్యల వలె, అవి పూర్వపు సమగ్రరూపానికి సాక్ష్యాలు.