పెరటి తోట – విజయనగరపు సాక్ష్యము



పెరటి చెట్టు వైద్యమునకు పనికిరాదను సామెత మనిషి స్వభావమును ఎత్తిచూపుటకు పుట్టినదే గాని చెట్టును తక్కువ చేయుటకు కాదు. విడపనకల్లు వంటి మెట్టసీమలో తోటల మాట యెత్తినచో కొందరు నవ్వుదురు. అనంతపురము జిల్లాలో ఏడాదికి సగటున పడు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. త్రాగుటకే నీరు చాలనప్పుడు చెట్లకు ఎక్కడిదని అడుగుదురు. వారికి సమాధానము మనకు దూరము కాని చోటనే యున్నది.

బళ్లారి దాటి పడమరకు పోయినచో హంపి. అక్కడను కొండలన్నియు బోడిగుండ్లు, ఎండ మన ఎండయే. అయినను 1443లో విజయనగరమును దర్శించిన పారశీక రాయబారి అబ్దుల్ రజాక్, వెలుపలి ప్రాకారముల నడుమ పొలములు, ఇండ్లు, తోటలు నిండియున్నవని వ్రాసెను. 1520 ప్రాంతమున వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ మరింత ముచ్చటైన సంగతి చెప్పెను. నగరములోని ఇండ్ల తోటలలోనే చెట్లు గుబురులుగా ఉండెననియు, వాని నడుమకు నీటికాలువలు పారుచుండెననియు అతని మాట. రాజుగారి ఉద్యానవనములు సరే. పట్టణమునందలి ఇంటి తోటలు పరదేశి కంటబడుట గమనింపదగినది.

ఆ నీరు ఆకాశమునుండి ఊరక దిగలేదు. శ్రీకృష్ణదేవరాయలు తల్లి నాగలాదేవి పేర నేటి హోసపేట వద్ద నాగలాపురమును నిర్మించి, చెరువు కట్టించెను. ఆ నీటితో సాగగు భూములను తొమ్మిదేండ్లు పన్ను లేకుండ ప్రజలకు వదలెనని నూనిజ్ వ్రాసెను. తోట వేయువానికి మొదటి ఏండ్లలో ఖర్చే గాని రాబడి యుండదని ఆ ప్రభువునకు తెలియును. తుంగభద్రనుండి తీసిన నాటి కాలువలలో కొన్ని నేటికిని పారుచున్నవి. ఆ రాయలే ఆముక్తమాల్యదకు కథానాయకునిగా ఎన్నుకొన్నది శ్రీవిల్లిపుత్తూరులో పూలతోట పెంచిన విష్ణుచిత్తుని. గోదాదేవి లభించినది ఆ తోటలోని తులసి మొదటనే. తిరుమలలో అనంతాళ్వారులు తోటకై త్రవ్విన గునపము ఆలయ మహాద్వారమున నేటికిని వ్రేలాడుచున్నది. ఆయుధములను దాచుకొన్న కోటలు ఎన్నియో కలవు. గునపమును దాచుకొన్న గుడిని మేము వేరొక్కదానిని ఎరుగము.

ఇక నేటి సంగతి. ఐదు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు గల చిన్న పెరటిపై మన సీమ వానయే ఏడాదిలో పదకొండు వేల లీటర్లు కురియును. పదిహేను లీటర్ల బిందెలతో కొలిచినచో ఏడువందలకు పైమాట. మట్టి యున్నచో అందులో కొంత ఇంకును. బండలు పరచినచో దాదాపు అంతయు మురుగుకాలువ పాలగును. చెట్టు వేళ్లతో పీల్చిన నీటిని ఆకుల ద్వారా ఆవిరిగా విడుచును, ఆ ఆవిరితో చుట్టునున్న వేడి కొంత పోవును. బండ పగలు త్రాగిన వేడిని రాత్రి గదిలోనికి కక్కును.

మేమును ఈ తప్పు చేసినవారమే. పురుగు పుట్ర భయమున, ఊడ్చుట సులువను ఆశతో వేపచెట్టు కొట్టించి పెరడంతయు తాడిపత్రి బండలు పరపించితిమి. ఆ వేసవిలో రాత్రి పది గంటలకును బండపై కాలు నిలువలేదు. వెనుక గదిలో పడుకొను మా తల్లిగారు మంచమును వీధి వాకిట వేయించుకొనిరి. ఒక్క మాటయు అనలేదు. అదియే మమ్ము నొప్పించెను. స్వామికి పూలు ప్లాస్టిక్ సంచిలో అంగడినుండి రాసాగెను. రెండేండ్లకు సగము బండలు పెకలించితిమి. వేప మాత్రము తొందరగా ఎదుగునా?

ఒక పెరడు కరవును తీర్చదు, మబ్బులను పిలువదు. అట్లని చెప్పువారిని నమ్మవద్దు. కాని ఒక ఇంటి వేడిని తగ్గించును, స్నానపు నీటిని అరటికి ఉపయోగపెట్టును, పులిసిన మజ్జిగను కరివేపకు చేర్చును, పిచ్చుకకు నీడనిచ్చును. మునగ, సీతాఫలము, గన్నేరు, నందివర్ధనము మన ఎండకు తాళును. కానుగ, వేప వంటివానిని గోడకు దూరముగా నాటవలెను.

మన సీమలో వాన ఎక్కువగా ఆగస్టు మొదలు అక్టోబరు వరకు పడును. గుంత వేసవిలోనే త్రవ్వి ఎండనిచ్చి, పెంటయెరువు కలిపియుంచినచో తొలి మంచి వానకు మొక్క దిగును. పెరడంతయు బండలైనవారు తులసికోట ప్రక్కన రెండు బండలు లేపినను చాలును.