నాగావళి పరీవాహకంలో లేబియో వర్గపు చేపలు: నోటి నిర్మాణం, గ్రసని ఎముకలు, వర్గీకరణ

ఒడిశాలోని కలహండి జిల్లా కొండల్లో పుట్టి, రాయగడ మీదుగా ఉత్తరాంధ్రలోకి దిగి, తోటపల్లి, నారాయణపురం ఆనకట్టలు దాటి, ఆమదాలవలసను ఆనుకొని శ్రీకాకుళం చేరి, చివరకు కళ్ళేపల్లి దగ్గర బంగాళాఖాతంలో కలిసే నాగావళి పొడవు సుమారు 256 కిలోమీటర్లు. మహానదికీ గోదావరికీ నడుమ ఉన్న ఈ చిన్న నదిలోనూ, దాని ఉపనదులైన సువర్ణముఖి, వేగవతుల్లోనూ, వాటి నీరందుకొనే చెరువుల్లోనూ పట్టుబడే పెద్ద మంచినీటి చేపల్లో బొచ్చె, శీలావతి, ఎర్రమోసు, గండుమీను, నల్లగండుమీను ముఖ్యమైనవి. ఇవన్నీ సిప్రినిడే కుటుంబంలో లేబియోనినే అనే ఉపకుటుంబానికి చెందినవి. ఒకే చెరువులో కలిసి పెరుగుతూ, ఒకే వలలో పడుతూ, బజారులో ఒకే బల్ల మీద కనిపించే ఈ చేపల బంధుత్వాన్ని నిర్ణయించడంలో శాస్త్రజ్ఞులు రెండు వందల ఏళ్ళపాటు ప్రధానంగా నోటి రూపం మీద ఆధారపడ్డారు. చేపను గుర్తుపట్టడానికి నోరు ఎంత ఉపకరించినా, దాని వంశాన్ని తేల్చడంలో మాత్రం అది పదేపదే తప్పుదారి పట్టించిందనీ, తల లోపలి నిర్మాణాలను కలిపి చూసినప్పుడే వర్గీకరణ నిలుస్తుందనీ చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఉత్తరాంధ్రకు మత్స్యశాస్త్రంలో పాత స్థానమే ఉంది. ఈస్టిండియా కంపెనీ ప్రకృతి శాస్త్రవేత్తగా విశాఖపట్నంలో పనిచేసిన పాట్రిక్ రసెల్, అక్కడ సేకరించిన రెండు వందల చేపల వర్ణనలను చిత్రాలతో, స్థానికుల నోట విన్న పేర్లతో సహా 1803లో లండన్‌లో ప్రచురించాడు. అయితే ఆయన దృష్టి ఎక్కువగా సముద్రం మీదనే నిలిచింది. నదీ చేపలకు అటువంటి గ్రంథం రావడానికి ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగానది చేపల మీద 1822లో వెలువరించిన పుస్తకం దాకా ఆగవలసి వచ్చింది. శీలావతిని సిప్రినస్ రోహిటా అనీ, బొచ్చెను సిప్రినస్ కాట్లా అనీ, ఎర్రమోసును సిప్రినస్ మ్రిగాలా అనీ, నల్లగండుమీనును సిప్రినస్ కాల్బాసు అనీ హామిల్టన్ నమోదు చేశాడు. అంటే ఆనాటి అలవాటు ప్రకారం ఈ చేపలన్నింటినీ యూరప్ కార్పు చేపకు చెందిన సిప్రినస్ ప్రజాతిలోనే ఉంచాడు. ప్రజాతి అంటే దగ్గరి బంధువులైన జాతులను ఒక పేరు కింద చేర్చే మెట్టు. అప్పటికే, 1816లో, క్యువియర్ నైలు నది చేపను ఆధారం చేసుకొని లేబియో అనే ప్రజాతిని ఏర్పరచి ఉన్నందువల్ల, మందమైన పెదవులున్న భారతీయ జాతులు క్రమంగా అందులోకి మారాయి. అలా ప్రజాతి మారిన ప్రతి జాతికీ మొదటి వర్ణన చేసినవారి పేరును, సంవత్సరాన్ని కుండలీకరణాల్లో రాయడం ఆచారం కనుకనే నేటి గ్రంథాల్లో శీలావతి పేరు లేబియో రోహిటా (హామిల్టన్, 1822) అని కనిపిస్తుంది. 1875 నుంచి 1878 వరకు భాగాలుగా వెలువడిన ఫ్రాన్సిస్ డే గ్రంథం ఈ చేపల తెలుగు పేర్లను కూడా పొందుపరచింది.

ఈ వర్గపు శరీర నిర్మాణాన్ని అర్థం చేసుకోవాలంటే ముందు దాని పై మెట్టు అయిన సిప్రినిఫార్మిస్ క్రమాన్ని చూడాలి. ఈ క్రమంలోని చేపలకు దవడల మీద పళ్ళుండవు. పై దవడ మధ్యలో కినెత్మాయిడ్ అనే చిన్న ఎముక ఉంటుంది. వేరే ఏ చేపల క్రమంలోనూ లేని ఈ ఎముక కదలిక వల్లనే నోరు తెరిచినప్పుడు పై దవడ ముందుకు జరిగి నీటితోపాటు ఆహారాన్ని లోపలికి లాగుతుంది. రెండో ప్రధాన నిర్మాణం వెబరియన్ సాధనం. దీన్ని 1820లో జర్మన్ శరీర నిర్మాణ శాస్త్రజ్ఞుడు వెబర్ వర్ణించాడు. మెడ వెనుక మొదటి నాలుగు వెన్నుపూసల భాగాలు రూపాంతరం చెంది ట్రైపస్, ఇంటర్‌కెలేరియం, స్కేఫియం, క్లాస్ట్రం అనే చిన్న ఎముకలుగా ఇరువైపులా వరుసగా అమరి, వాయుకోశం గోడలో పుట్టే ప్రకంపనలను లోపలి చెవికి చేరవేస్తాయి. ఈ సాధనం జెల్లలకూ వాలుగకూ కూడా ఉంది కనుక పొలుసులున్న శీలావతికీ పొలుసులే లేని వాలుగకూ ఉన్న దూరపు చుట్టరికం, పొలుసులున్నా ఈ సాధనం లేని కొరమేనుతో శీలావతికి లేదు. పైకి కనిపించే పొలుసు కన్నా లోపలి ఎముక బలమైన సాక్ష్యమనడానికి నాగావళి ఒడ్డున దొరికే తొలి ఉదాహరణ ఇదే.

లేబియోనినే ఉపకుటుంబాన్ని మిగతా కార్పు బంధువుల నుంచి వేరుచేసే లక్షణాలు ఎక్కువగా మూతి చుట్టూ చేరి ఉంటాయి. ముట్టె చర్మం కిందికి జారి పై పెదవిని కొంతగానో పూర్తిగానో కప్పుతుంది. కింది పెదవికీ కింది దవడకూ మధ్య గాడి ఏర్పడుతుంది. దవడ అంచు కెరటిన్‌తో గట్టిపడి, రాళ్ళమీద పెరిగే నాచును గీరడానికి పనికొస్తుంది. తూర్పు కనుమల కొండ గెడ్డల్లో ఉండే గర్రా ప్రజాతి చిన్న చేపల్లో ఈ కింది పెదవి వెడల్పై, రాళ్ళకు అతుక్కొనే పళ్ళెంగా మారింది. అయితే ఈ ఉపకుటుంబానికి మరింత నమ్మదగిన గుర్తు నోటి లోపల ఉంది. అంగిలి మీద మెత్తని మడతలతో ఉబ్బెత్తుగా కనిపించే వోమెరోపాలటైన్ అంగం, నోట్లోకి వచ్చిన సన్నని ఆహార కణాలను జిగురుతో కలిపి గొంతులోకి పంపడంలో సాయపడుతుంది. పెదవులు జాతిని బట్టి మారినా ఈ అంగం ఉపకుటుంబమంతటా కనిపిస్తుంది.

జాతులను విడదీసి గుర్తించడంలో మాత్రం పెదవులకు సాటి లేదు. శీలావతి నోరు చిన్నది, కొంచెం కిందికి తిరిగి ఉంటుంది. పెదవులు మందంగా, అంచుల వెంట కుచ్చులుగా, లోపలి వైపు స్పష్టమైన మడతతో ఉంటాయి. పై దవడ మీద రెండు పొట్టి మీసాలు పక్క గాడిలో దాగి ఉంటాయి గనుక తొందరలో చూసేవారికి కనిపించవు. నల్లగండుమీనుకు కుచ్చుల పెదవులతోపాటు రెండు జతల నల్లని మీసాలు బయటికే ఉంటాయి. గండుమీనుకూ కుచ్చుల పెదవులే ఉన్నా దాని వీపు వాజం పొడవైనది, శాఖలైన కిరణాలు పదిహేనుకు పైగా ఉంటాయి; శీలావతిలో అవి 12 నుంచి 14. ఎర్రమోసు నోరు వెడల్పుగా అడ్డంగా ఉంటుంది, పై పెదవి కుచ్చులు లేకుండా నునుపుగా ఉండి కింది పెదవితో కలవదు, కింది పెదవి ఉందో లేదో అన్నంత పలచన. కింది దవడ కలిసే చోటుకు వెనుక చిన్న బొడిపె ఉంటుంది. పార్శ్వరేఖ వెంట, అంటే పక్కన తల నుంచి తోక దాకా సాగే స్పర్శ గీత వెంట, పొలుసులు లెక్కించడం విద్యార్థులకు మొదట నేర్పే పని. కానీ ఇక్కడ అది పెద్దగా తోడ్పడదు. ఆ సంఖ్య శీలావతిలో 40–44, బొచ్చెలో 40–43, ఎర్రమోసులో 40–45. సన్నని పొలుసులతో 60కి పైగా లెక్క వచ్చే లేబియో బొగ్గుట్ వంటి జాతి దగ్గరే ఈ లెక్క నిర్ణాయకమవుతుంది.

ఈ ఉపకుటుంబంలో అసలు చిక్కు బొచ్చె. పెద్ద తల, వెడల్పైన శరీరం, పైకి తిరిగిన విశాలమైన నోరు, ముందుకు పొడుచుకొచ్చిన కింది దవడ, అసలు మీసాలు లేకపోవడం, పై పెదవి లేనట్లే ఉండి కింది పెదవి మాత్రం బాగా మందంగా ఉండడం: లేబియో వర్గానికి గుర్తులుగా చెప్పుకొన్న వాటిలో చాలా భాగం దీనిలో తలకిందులైంది. మొప్ప కమానుల లోపలి అంచున దువ్వెన పళ్ళ మాదిరి పొడవుగా, సన్నగా, దగ్గర దగ్గరగా అమరిన గిల్ రేకర్లు నీటి పైపొరలోని జంతు ప్లవకాలను వడకట్టి పట్టుకొంటాయి. ఇంత భిన్నమైన చేపను వేరే ప్రజాతిలో ఉంచడం సహజంగానే తోచింది. 1843లో హెకెల్ గిబెలియన్ అనీ, 1844లో వాలెన్సియెన్ కాట్లా అనీ దీనికి ప్రత్యేక ప్రజాతులను ప్రతిపాదించారు. సిప్రినస్ కాట్లా, కాట్లా బుకనానీ, కాట్లా కాట్లా, గిబెలియన్ కాట్లా, లేబియో కాట్లా అని ఒక్క బొచ్చెకు ఇన్ని పేర్లు మారడం చూసి పేర్ల మీద విసుగు కలగవచ్చు గానీ, ప్రతి మార్పు వెనుకా దాని బంధుత్వం గురించిన ఒక వాదన ఉంది. చివరి పేరు ఆ వాదనను బొచ్చె శరీరం లోపలికి తీసుకుపోయింది.

ఆ లోపలి సాక్ష్యాల్లో సులభంగా పరీక్షించగలది గ్రసని ఎముక. గ్రసని అంటే నోటికీ ఆహారవాహికకూ మధ్యనున్న గొంతు భాగం. శీలావతి తలను శుభ్రం చేసేటప్పుడు మొప్పమూతను ఎత్తి, నాలుగు ఎర్రని మొప్ప కమానులను పక్కకు తీస్తే, వాటి వెనుక భుజపు ఎముకకు ముందు, మొప్ప తంతువులు లేని ఐదో కమాను వంపు తిరిగిన గట్టి ఎముకగా తగులుతుంది. దాన్ని కోసి తీసి, వేడినీళ్ళలో ఉంచి కండను ఒలిచి, పాత బ్రష్షుతో తోమితే మూడు వరుసల పళ్ళు బయటపడతాయి. ప్రధాన వరుసలో ఐదు, రెండో దానిలో నాలుగు, మూడో దానిలో రెండు ఉంటాయి గనుక రెండు వైపుల ఎముకలను కలిపి దంత సూత్రాన్ని 5.4.2–2.4.5 అని రాస్తారు. కొరికి చీల్చే కోర పళ్ళు కావవి. పై ముఖం చదునుగా, పక్క పన్నుతో ఒరుసుకొనేటంత దగ్గరగా అమరి ఉంటాయి. పుర్రె అడుగున బేసిఆక్సిపిటల్ ఎముక నుంచి వెనక్కు పొడుచుకొచ్చిన భాగం మీద ఉండే గట్టి నమిలే మెత్తకు ఈ పళ్ళు ఆహారాన్ని ఒత్తి నలుపుతాయి. ఎర్రమోసులోనూ పళ్ళు మూడు వరుసలే. బొచ్చెలో 5.3.2–2.3.5, అంటే శీలావతితో పోలిస్తే ప్రతి వైపూ రెండో వరుసలో ఒక్క పన్ను మాత్రమే తేడా. నోరు, పెదవి, మీసం అన్నీ మారిన చేపలో గ్రసని మాత్రం మూడు వరుసల పాత నమూనాను దాదాపుగా నిలుపుకొంది. మత్స్యశాస్త్రం చదివే ప్రతి విద్యార్థీ ఈ మూడు చేపల గ్రసని ఎముకలను స్వయంగా తీసి పక్కపక్కన పెట్టి చూడవలసిందే; ఏ పట్టికా అంత స్పష్టంగా చెప్పదు.

జీర్ణనాళం విషయంలో చరిత్ర మరో హెచ్చరిక చేసింది. ఈ చేపలకు నిజమైన జీర్ణాశయం లేదు. ఆహారవాహిక తర్వాత పేగు ముందు భాగమే ఉబ్బి ఆ పని కొంత చేస్తుంది. నాచునూ కుళ్ళిన ఆకులలములనూ తినే జాతుల్లో పేగు శరీరం కన్నా ఎన్నో రెట్లు పొడవై చుట్టలు చుట్టుకొని ఉంటుంది. జాన్ మెక్‌క్లెలాండ్ 1839లో భారతీయ సిప్రినిడ్ చేపలను ఆహారాన్నీ జీర్ణాంగాలనూ ఆధారం చేసుకొని, శాకాహారులనూ మాంసాహారులనూ వేర్వేరు ఉపకుటుంబాలుగా విభజించాడు. పరిశీలన శ్రద్ధతో చేసిందే అయినా వర్గీకరణ నిలవలేదు, ఎందుకంటే పేగు పొడవు మేతను అనుసరించి మారే లక్షణం. ఒకే వంశంలో మేత మారిన చోట పేగూ మారుతుంది, వేర్వేరు వంశాల్లో మేత కలిసిన చోట పేగూ కలుస్తుంది. బొచ్చె నోటిని చూసి ప్రత్యేక ప్రజాతి కట్టినవారు చేసిందీ అదే పొరపాటు.

క్రోమోజోముల అధ్యయనం శీలావతి, బొచ్చె, ఎర్రమోసు మూడింటిలోనూ సంఖ్య 50 అని తేల్చింది. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి పిట్యూటరీ గ్రంథి సారంతో ఈ చేపల చేత గుడ్లు పెట్టించడంలో సఫలుడైన తర్వాత, సంకరాలు చేయడం సాధ్యమై, శీలావతికీ బొచ్చెకూ పుట్టిన సంకర చేపలు గొడ్డుపోకుండా మళ్ళీ సంతానం కనగలవని రుజువైంది. వేర్వేరు ప్రజాతులని చెప్పిన చేపల మధ్య ఇంత దగ్గరితనం ఉండడం వర్గీకరణను తిరిగి ఆలోచింపజేసింది. ఆ పైన డీఎన్‌ఏ క్రమాల పోలికలు బొచ్చెను లేబియో శాఖ లోపలే చూపడంతో లేబియో కాట్లా అనే పేరు ఇప్పుడు విస్తృతంగా వాడుకలోకి వచ్చింది. ఎర్రమోసును ఉంచిన సిర్రైనస్ ప్రజాతిలోని జాతులన్నీ ఒకే వంశానివి కావని కూడా ఆ అధ్యయనాలు చూపాయి.

పై మెట్టులోనూ కుటుంబపు గీతలు మారాయి. 2018లో టాన్, ఆర్మ్‌బ్రస్టర్ ప్రచురించిన వర్గీకరణ ప్రకారం పాత విశాల సిప్రినిడే కుటుంబం అనేక కుటుంబాలుగా విడిపోయింది. గడ్డి చేప, వెండి చేప జినోసిప్రిడిడే కుటుంబంలోకి వెళ్ళగా, బంగారు తీగ అనే కామన్ కార్పు, లేబియోనినే ఉపకుటుంబంతోపాటు సిప్రినిడేలోనే మిగిలింది. ఆరు రకాల చేపలను కలిపి పెంచే చెరువులో వెండి చేపా బొచ్చే పైపొర మేతకే పోటీ పడతాయి గానీ, బొచ్చెకు రక్తసంబంధంలో దగ్గరగా ఉన్నది వెండి చేప కాదు, అడుగున బురద కెలికే ఎర్రమోసు.

ఈ చర్చ ఉత్తరాంధ్రకు పుస్తకాలకే పరిమితమైన విషయం కాదు. గండుమీను దక్కన్ ద్వీపకల్ప నదుల చేప. శీలావతి ప్రధానంగా గంగా, బ్రహ్మపుత్ర, సింధు వ్యవస్థల చేప. ఎర్రమోసు విషయంలో చిక్కు ఇంకా లోతైనది: 1795లో బ్లాఖ్ దక్షిణ భారత నమూనాను సిప్రినస్ సిర్రోసస్ అని వర్ణించగా, హామిల్టన్ గంగా నమూనాను మ్రిగాలా అన్నాడు, ఈ రెండూ ఒకటేనని టైసన్ రాబర్ట్స్ 1997లో వాదించాడు, కాదని వేరుగా ఉంచేవారూ ఉన్నారు. అదే 1997లో భువనేశ్వర్ సమీపంలోని కౌసల్యగంగ మంచినీటి మత్స్య పరిశోధన సంస్థ విడుదల చేసిన జయంతి రోహు గంగ, యమున, గోమతి, సట్లెజ్, బ్రహ్మపుత్ర నదుల శీలావతులను, సంస్థ చెరువుల చేపలను ఎంపిక చేసి పెంచిన రకం. హేచరీల్లో పుట్టిన గంగా మూలపు పిల్లలు వరదల్లో చెరువు గట్లు తెగినప్పుడల్లా గెడ్డల్లోకీ నదిలోకీ చేరుతూ, దక్షిణాది జాతులతో కలిసి గుడ్లు పెట్టగల అవకాశం ఉన్నంత కాలం, నాగావళిలో పట్టిన ఒక ఎర్రమోసును పెదవులు చూసి మాత్రమే సిర్రోసస్ అనో మ్రిగాలా అనో రాసిపెట్టడం నమ్మదగిన నమోదు కాదు. తోటపల్లికి ఎగువన, నారాయణపురానికీ ఆమదాలవలసకూ మధ్యన, సువర్ణముఖి, వేగవతులు నదిలో కలిసే సంగం దగ్గర వేర్వేరుగా నమూనాలు సేకరించి, ప్రతి చేపకూ పెదవుల చిత్రం, వీపు వాజపు కిరణాల లెక్క, శుభ్రం చేసిన గ్రసని ఎముక, ఆల్కహాలులో ఉంచిన వాజపు ముక్క ఒకే సంఖ్య కింద భద్రపరచాలి. ఆ పని మొదలుపెట్టడానికి సరైన కాలం జూన్ కన్నా ముందే, తొలి వరదతో చెరువుల పిల్ల నదిలో కలవకముందే.