ఉప్పుగాలిలో ఇనుము: నెల్లూరు తీరం, మద్రాసు కార్లు, పునరుద్ధరణకు తొలి అడుగు

నెల్లూరు నుంచి తూర్పుగా మైపాడు దాకా సాగే దారిలో, పెన్న డెల్టా వరిపొలాలకూ బంగాళాఖాతానికీ నడుమ ఉన్న ఇందుకూరుపేట ప్రాంతం చరిత్ర గ్రంథాల్లో ఎక్కువగా పల్లిపాడు ఆశ్రమం కారణంగానే ప్రస్తావనకు వస్తుంది. 1921 ఏప్రిల్ 7న గాంధీజీ ప్రారంభించిన ఆ పినాకినీ సత్యాగ్రహాశ్రమం ఈ మండలంలోనే, పెన్న ఒడ్డున ఉంది. అయితే ఈ తీరానికి అంతగా పట్టింపుకు నోచుకోని మరొక చరిత్ర కూడా ఉంది. అది ఉప్పుగాలికీ ఇనుముకూ మధ్య సాగుతూ వచ్చిన వైరం. తుప్పు పట్టిన పాత స్పోర్ట్స్ కారును, అంటే ఇద్దరు కూర్చునేలా, ఎత్తు తక్కువగా, బరువు తేలికగా, వేగం కోసం తయారైన కారును, తిరిగి రోడ్డెక్కించాలంటే పని ఎక్కడ మొదలుపెట్టాలన్న ప్రశ్నకు జవాబు సగం ఆ వైరంలోనూ, మిగతా సగం ఆ కారు పుట్టుకలోనూ దొరుకుతుంది.

ఇనుప వాహనాలు రాకముందు కోరమాండల్ తీరం వెంబడి అలలను దాటడానికి జనం ఎక్కువగా ఆధారపడిన సాధనాలు రెండింటిలోనూ ఇనుముకు దాదాపు చోటే లేదు. మొదటిది కొయ్య దుంగలను తాళ్లతో కలిపి కట్టిన తెప్ప. రెండోది పలకలను మేకులతో బిగించకుండా కొబ్బరిపీచు తాళ్లతో కుట్టిన మసూలా పడవ. అలల తాకిడికి పలకలు విరిగిపోకుండా కాస్త వంగి తట్టుకోవడమే ఆ కుట్టుపనికి ప్రధాన కారణం. కానీ తుప్పుపట్టే మేకు లేకపోవడం వల్ల మరమ్మతు కూడా సులువైంది: తాడు చివికిన చోట కుట్టు విప్పి కొత్త తాడుతో కుట్టుకుంటే పడవ మళ్లీ నీటికి సిద్ధమయ్యేది. విప్పడానికి వీలుగా కట్టిన వస్తువే ఎక్కువ కాలం బతుకుతుందన్న ఎరుక ఆ పడవల వాళ్లకు ఉంది. ఈ వ్యాసంలో ముందుకు రానున్న మద్రాసు కారు విషయంలోనూ ఆ ఎరుకే పనికొస్తుంది.

ఉప్పు ఈ తీరానికి బతుకుదెరువు కూడా. 1805లో ఈస్టిండియా కంపెనీ మద్రాసు రాజధానిలో ఉప్పుపై గుత్తాధిపత్యం నెలకొల్పింది. ఇసకపల్లి వంటి చోట్ల ఉప్పు కొఠార్లు తరతరాలుగా సాగాయి. 1806లో మద్రాసు నుంచి ఎన్నూరు వైపు తవ్వకం మొదలై, 1837లో ప్రభుత్వం చేతికి వచ్చి, 1876–78 నాటి కరువు పనులతో విస్తరించి, అప్పటి గవర్నరు పేరు మీదుగా బకింగ్‌హామ్ కాలువగా స్థిరపడిన జలమార్గం సముద్రానికి సమాంతరంగా ఈ తీరం వెంటే సాగుతుంది. ఉప్పూ వంటచెరకూ ఆ కాలువ పడవల్లోనే మద్రాసుకు చేరేవి. రైలూ, ఆ తర్వాత లారీలూ వచ్చి సరుకు రోడ్డెక్కాక, ఉప్పునీటి పక్కన కొయ్య స్థానంలోకి ఉక్కు వచ్చింది. 1980ల చివర నుంచి విస్తరించిన రొయ్యల చెరువులు ఆ ఉక్కుకు మరింత పరీక్ష పెట్టాయి. చెరువుగట్ల మీద తిరిగే వాహనాల అడుగుభాగానికి ఉప్పునీటి బురద నిత్యం అంటుకునే ఉంటుంది.

ఇనుమూ నీరూ ప్రాణవాయువూ కలిస్తే తుప్పు పుడుతుందన్నది అందరికీ తెలిసిన రసాయన చర్య. ఉప్పు దానికి రెండు విధాల తోడవుతుంది. సాధారణ ఉప్పు, గాలిలో తేమ 75 శాతం దాటగానే, ఆ తేమను పీల్చుకుని తానే నీరుగా మారుతుంది; అందువల్ల వాన పడకపోయినా తీరంలో నిలిపిన కారు అడుగున రాత్రంతా ఉప్పునీటి పొర ఉంటుంది. రెండోది, ఉప్పులోని క్లోరైడు తుప్పు పొరల కింద దాగి, పైన రంగు వేసిన తర్వాత కూడా లోపల తన పని తాను చేసుకుపోతుంది. తుప్పు తాను తినేసిన ఇనుము కన్నా రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి, రెండు రేకులు అతికిన చోట అది పుడితే ఆ రేకులను లోపలినుంచి విడదీస్తుంది. పైకి చిన్న పొక్కులా కనిపించేది వెనకవైపు నుంచి మొదలైన తినివేతకు చివరి దశ కావచ్చు. పొక్కును ఉప్పుకాగితంతో రుద్ది రంగు పూయడం ఈ తీరంలో ఒక్క వర్షాకాలానికి కూడా చాలదు.

ఇక కారు సంగతి. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడే దాకా మద్రాసులో అంతర్భాగంగా ఉన్న నెల్లూరు జిల్లాకు మోటారు వాహనాల ప్రపంచమంటే మద్రాసే. అక్కడ 1840లోనే గుర్రపు బగ్గీలు కట్టడంతో మొదలైన సింప్సన్ కంపెనీ తర్వాత మోటారు బాడీల తయారీలోకి వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి సంవత్సరం, 1948లో, స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ ఆఫ్ ఇండియా ఏర్పడి, మద్రాసు శివారున వండలూరులో కార్ల కర్మాగారం నడిపింది. విదేశీ కార్ల దిగుమతిపై కట్టుదిట్టమైన నియంత్రణలున్న ఆ దశాబ్దాల్లో సామాన్య మధ్యతరగతి వారికి స్పోర్ట్స్ కారు అందే వస్తువు కాదు. అయినా 1961 నుంచి వండలూరులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్, ప్రపంచప్రసిద్ధమైన ఒక స్పోర్ట్స్ కారుకు రక్తసంబంధి.

ఆ సంబంధం ఇలా ఏర్పడింది. 1950లలో బ్రిటన్‌లో చిన్న కార్లకు చాసీ, అంటే కారు బరువంతా మోసే ఉక్కు చట్రం, విడిగా లేకుండా బాడీయే చట్రంగా పనిచేసే పద్ధతి ప్రబలింది. దానికి పెద్ద ప్రెస్సులున్న బాడీ కర్మాగారాలు కావాలి. స్టాండర్డ్-ట్రయంఫ్ కంపెనీకి బాడీలు అందించే ఫిషర్ అండ్ లడ్లో సంస్థను 1953లో పోటీదారైన బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ కొనేయడంతో, కొత్త కారు బాడీలకు దారి మూసుకుపోయింది. దాంతో ఆ కంపెనీ వెనక్కి తిరిగి విడి చాసీనే ఎంచుకుంది. దాని మీద బాడీని ముక్కలు ముక్కలుగా చేసి బోల్టులతో బిగించింది. ఇటలీలోని టూరిన్ నగరానికి చెందిన జొవాన్నీ మికెలోట్టి గీసిన రూపంతో 1959లో వచ్చిన ట్రయంఫ్ హెరాల్డ్ అదే. మడ్‌గార్డులతో సహా బానెట్ మొత్తం ముందుకు వాలిపోవడం, 25 అడుగుల వ్యాసం గల చోట కారు పూర్తిగా తిరగగలగడం దాని ప్రత్యేకతలు. ఇబ్బందిలో తీసుకున్న ఆ నిర్ణయమే భారతదేశానికి కలిసివచ్చిందనడం సబబు: భారీ ప్రెస్సులు లేని చోట ముక్కలు తెచ్చి బిగించడానికి ఇంతకన్నా అనువైన కారు లేదు. వండలూరులో దానికి నాలుగు తలుపుల రూపం కూడా ఇచ్చారు. 1970ల తొలినాళ్లలో దాన్నుంచే గజెల్ పుట్టి, 1977 దాకా నడిచింది.

బ్రిటన్‌లోనేమో ఆ చాసీనే పొట్టి చేసి, మికెలోట్టి చేతనే రెండు సీట్ల బాడీ గీయించి, 1962లో ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారును విడుదల చేశారు. ఇరుసుల మధ్య దూరం హెరాల్డ్‌కు 91.5 అంగుళాలైతే, దీనికి 83 అంగుళాలు. పొట్టి చేయడంలో చాసీకి ఇరుపక్కలా ఉండే పొడవు కమ్ములను తీసేసి, మధ్యనున్న వెన్నెముక వంటి భాగాన్ని మాత్రమే ఉంచారు. తీసేసిన కమ్ముల పని తలుపుల కింద నడిచే పెట్టె వంటి పట్టీలకు, అంటే సిల్‌లకు, అప్పగించారు. హెరాల్డ్‌లో అలంకారప్రాయమైన సిల్, స్పిట్‌ఫైర్‌లో బరువు మోసే అవయవమైంది. ఈ ఒక్క మార్పు తెలియకపోతే పునరుద్ధరణ తప్పుదారి పట్టడం ఖాయం.

కాబట్టి మొదలుపెట్టవలసింది ఇంజను దగ్గర కాదు, రంగు దగ్గర అసలే కాదు, కారు అడుగున. దాన్ని సమతలమైన నేల మీద గట్టి దిమ్మెలపైకి ఎత్తి, బురదనంతటినీ మంచినీటితో కడిగి, ఎండనిచ్చాక చాసీ మూలల నుంచి మూలలకు అడ్డంగా కొలతలు తీయాలి. రెండు వైపుల కొలతలూ సమానంగా లేకపోతే చాసీ వంగిందని అర్థం. ఆ తర్వాత సుత్తి పిడితోనో స్క్రూడ్రైవర్ మొనతోనో రేకును తట్టుతూ, పొడుస్తూ వెళ్లాలి: ఆరోగ్యమైన ఉక్కు ఖంగున మోగుతుంది, తుప్పుతిన్నది మొద్దుగా పలుకుతుంది. మందంగా లప్పం, అంటే గుంటలు పూడ్చే మెత్తటి పూత, ఉన్న చోట అయస్కాంతం అంటదు. స్పిట్‌ఫైర్‌లో సిల్‌లూ, నేలరేకులూ, వెనక చక్రాలను అదుపులో ఉంచే కడ్డీ బాడీకి బిగిసే చోటూ, ఇంజనుకూ కూర్చునే భాగానికీ మధ్య గోడపై బ్యాటరీ పెట్టే అరా మొదట చూడవలసినవి. ఇంజను పట్టేసి ఉంటే స్పార్క్ ప్లగ్గులు తీసి సిలిండర్లలో నూనె పోసి వదిలేయాలి తప్ప ఆ దశలో దాన్ని విప్పడం అనవసరం.

సిల్ మార్చేటప్పుడు బాడీని చాసీ నుంచి ఎత్తేయాలన్న తొందర చాలామందికి కలుగుతుంది. అది ప్రమాదకరం. పైకప్పు లేని కారు కాబట్టి, సిల్ కోసేసిన మరుక్షణం బాడీ మధ్యలో కుంగి, తలుపు ఆ సందులో మళ్లీ పట్టదు. బాడీని చాసీకి బిగించే ఉంచి, తలుపు ఖాళీకి అడ్డంగా కమ్మి వెల్డింగ్ చేసి, ఒక పక్క పూర్తయ్యాకే రెండో పక్క ముట్టుకోవడం సరైన క్రమం. వెలుపలి రేకుతో పాటు లోపలి రేకునూ, వాటి మధ్యనుండే బలపు రేకునూ మార్చకుండా పైపైన కొత్త రేకు అతికించడం మోసం కిందే లెక్క.

ఈ మోసం తెలుగునాట టింకరింగ్ షెడ్లలో అరుదు కాదు. కానీ దాన్ని పనివాళ్ల నైపుణ్యలోపంగా భావించడం అన్యాయం. 1966లో విజయవాడలో ఏర్పడిన ఆటోనగర్‌లోనూ, తర్వాత నెల్లూరు వంటి పట్టణాల్లో వెలిసిన వాటిలోనూ వంగిన లారీ చాసీలను నిలబెట్టి, రివెట్లు కొట్టి, చేత్తో రేకు మలిచి పూర్తి బాడీలు కట్టిన మేస్త్రీలు తయారయ్యారు. వాహనం త్వరగా తిరిగి సంపాదనలో పడాలన్న యజమానుల ఒత్తిడే లప్పం వాడకాన్ని పెంచింది. 1983లో మారుతి వచ్చి, విడి చాసీ లేని కార్లు రోడ్లను నింపడంతో కార్ల షెడ్లలో చాసీ పని తగ్గిపోయింది. లారీల దగ్గర మాత్రం అది బతికే ఉంది. అందువల్ల విడి చాసీ ఉన్న పాత కారుకు నేటి ఖరీదైన షోరూం వర్క్‌షాపు కన్నా లారీ చాసీ తెలిసిన మేస్త్రి చెయ్యే ఎక్కువ నమ్మదగినది.

ఎంత కోయాలి, ఎంత ఉంచాలి అన్నదానికి ఇప్పుడు చట్టం కూడా జోక్యం చేసుకుంటోంది. 2021లో కేంద్ర మోటారు వాహనాల నియమాలకు చేసిన సవరణ ప్రకారం, మొదటి నమోదు నుంచి 50 ఏళ్లు దాటిన కార్లు వింటేజ్ వాహనాలుగా, వీఏ అక్షరాలున్న ప్రత్యేక సంఖ్యతో నమోదు కావచ్చు. తొలి నమోదు రుసుము 20,000 రూపాయలు, గడువు 10 ఏళ్లు. అలాంటి వాహనం మూలరూపంలోనే ఉండాలనీ, చాసీలోనో బాడీలోనో ఇంజనులోనో గణనీయమైన మార్పులు జరిగి ఉండకూడదనీ నిబంధన. వండలూరు హెరాల్డ్‌లన్నీ ఇప్పటికే ఆ వయసు దాటాయి. చివరి గజెల్‌లు దాటబోతున్నాయి. చాసీ మీద కొట్టిన సంఖ్య ఉన్న ముక్కను కోసి పారేస్తే కారు తన గుర్తింపునే కోల్పోతుంది కనుక, గ్రైండర్ చేతపట్టే ముందు ఆ సంఖ్యనూ, ప్రతి అతుకునూ, ప్రతి కొలతనూ ఫొటోలతో నమోదు చేసుకుని, తుప్పుతిన్నంత మేరకే కోసి, అదే మందం గల కొత్త ఉక్కును అంచుకు అంచు కలిపి అతికి, క్లోరైడు పోయేదాకా మంచినీటితో కడిగి, జింకు కలిసిన ప్రైమరు పట్టించి, పెట్టె భాగాల లోపలికి మైనపు పూత చొప్పించాక గానీ పై రంగు గురించి ఆలోచించకూడదు.