మారుమ్రోతకు వేరొక దారి

నాలుగు గోడల నడుమ పుట్టిన శబ్దం ఒంటరిగా చెవికి చేరదు. రాతి మండపంలో ఒకరు పద్యం చదివితే మొదట వారి కంఠధ్వని నేరుగా వస్తుంది. వెంటనే గోడలను, స్తంభాలను, కప్పును తాకి మరలిన ధ్వనులు దానిని అనుసరిస్తాయి. ఈ మారుమ్రోతను బట్టియే, కన్నులు మూసుకొన్నా, చోటు విశాలమో ఇరుకో మనం పోల్చుకొంటాము. రేడియో శ్రోతకు ఇదియే రంగస్థలం.

దీనిని మొదట కొలతకు తెచ్చినవాడు అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయపు అధ్యాపకుడు వాలెస్ సెబైన్. 1895లో అక్కడి ఫాగ్ కళాభవనపు ఉపన్యాసశాలలో పలికిన మాట అణగడానికి 5 సెకండ్లకు పైగా పట్టేది. ఆలోగా వక్త మరికొన్ని మాటలు పలుకుతాడు, అన్నీ కలగాపులగమే. సెబైన్ సమీపపు నాటకశాల నుండి మెత్తలు తెప్పించి పరచి, ఎన్ని మెత్తలకు మ్రోత ఎంత తగ్గుతుందో లెక్కగట్టాడు. తొలినాటి రేడియో స్టూడియోలు ఈ పాఠాన్ని అతిగా పాటించి గోడలనిండా దట్టమైన తెరలు వ్రేలాడదీశాయి. మాట స్పష్టమైంది, సంగీతం నిర్జీవమైంది. అందుకే 1932లో ప్రారంభమైన లండను బి.బి.సి. ప్రసార భవనంలో ప్రత్యేకంగా ప్రతిధ్వని గదులు ఏర్పరచారు.

ఈ ఏర్పాటు ఇట్టిది. మైక్రోఫోను నుండి వచ్చిన విద్యుత్ సంకేతం మిక్సరు వద్ద రెండు పాయలవుతుంది. ఒకటి తిన్నగా ప్రసారానికి పోతుంది. రెండవది నున్నని గోడలుగల ఖాళీ గదిలోని లౌడుస్పీకరుకు పోతుంది. అక్కడి మ్రోతను మరొక మైక్రోఫోను పట్టి మిక్సరుకు తిరిగి చేరుస్తుంది. రెండింటినీ తగుపాళ్ళలో కలుపుతారు. మూలధ్వనికి చెరుపు లేదు. రెండవ పాయను గొంతు మీటకు ముందే చీల్చితే, ఆ మీట తగ్గించినపుడు గొంతు సన్నగిల్లి మ్రోత మాత్రం నిలుస్తుంది. నటుడు అడుగు కదపకుండానే గుహలోనికి నడిచిపోయినట్లు తోస్తుంది. మీట తరువాత చీల్చితే గొంతూ మ్రోతా కలిసియే హెచ్చుతగ్గులవుతాయి.

1947లో చికాగో ఇంజనీరు బిల్ పట్నమ్, హార్మోనికాట్స్ బృందం వాయించిన ‘పెగ్ ఓ మై హార్ట్’ రికార్డుకు స్టూడియో స్నానాలగదినే ప్రతిధ్వని గదిగా వాడాడు. ఆ రికార్డు అమెరికాలో అఖండ ప్రజాదరణ పొందింది. 1956లో హాలీవుడ్‌లో తెరచిన కాపిటల్ భవనానికి ఇట్టి గదులను నేల క్రింద నిర్మించారు. అయితే గదికి స్థలం కావాలి. పైగా దాని స్వభావం తేలికగా మారదు. 1957లో జర్మనీకి చెందిన ఇ.ఎం.టి. సంస్థ గదికి బదులు ఒక రేకును తెచ్చింది. 2 మీటర్ల పొడవు, 1 మీటరు వెడల్పు, అర మిల్లీమీటరు మందం గల ఉక్కు రేకును చట్రంలో బిగించి, ఒకచోట కంపింపజేసి, మరొకచోట ఆ కంపనాన్ని గ్రహిస్తారు. ప్రక్కనున్న వేరొక పలకను దగ్గరకు జరిపితే మ్రోత త్వరగా అణగుతుంది. దీనిని కనిపెట్టిన వాల్టర్ కూల్ రేడియో పరిశోధకుడే.

1961 ప్రాంతంలో బెల్ ప్రయోగశాలలో మాన్‌ఫ్రెడ్ ష్రోడర్, గదీ రేకూ లేకుండా గణితంతోనే మారుమ్రోతను సృష్టించే మార్గం చూపాడు. 1976లో ఇ.ఎం.టి. 250 అనే డిజిటల్ యంత్రం అమ్మకానికి వచ్చింది. నేడు ఆ పని చిన్న కంప్యూటరు చేస్తున్నది. ఐనా, సంకేతాన్ని రెండు పాయలుగా నడిపే పద్ధతి మారలేదు.

తెలుగు ప్రసారాలలో ఈ పద్ధతికి మరింత అవసరం ఉన్నదని మా అభిప్రాయం. మన మాటలు తరచు అచ్చుతో ముగుస్తాయి. మ్రోత మితిమీరితే పదాంతపు అచ్చు సాగి, తరువాతి పదపు మొదటి హల్లును కప్పివేస్తుంది. శ్రోత రాగం విని అర్థం పోగొట్టుకొంటాడు. మారుమ్రోతకు వేరొక దారి ఉన్నప్పుడు దానిని తగ్గించవచ్చు, కావలసినచోట పూర్తిగా మూయనూ వచ్చును. వార్తలకూ ప్రసంగాలకూ అది మూసియుండడమే మేలు. దేవాలయ దృశ్యానికో, వాద్యబృందానికో తెరచినా, మాట తెలిసేంతవరకే తెరవాలి.