కెమెరా లేని కెమెరా-రెడీ

పోయిన నెలలో ఒక రాత్రి రెండింటిదాకా మేలుకొని ఒకే ఒక్క సమీకరణంతో కుస్తీ పట్టాను. సమీకరణం తప్పేం కాదు. రెండు కాలమ్‌ల పేజీలో అది తన హద్దు దాటి పక్క కాలమ్‌లోకి దూరిపోతోంది, అంతే. ఒక కంప్యూటర్ జర్నల్‌కి పంపాల్సిన వ్యాసం అది. అసలు పని అయిపోయి ఆర్నెల్లయింది. లేటెక్ మాత్రం “ఓవర్‌ఫుల్ హెచ్‌బాక్స్” అని సణుగుతూనే ఉంది. అప్పుడొచ్చింది అనుమానం: పరిశోధన నాది, సరే. అక్షరాలు పేర్చే పని నా నెత్తిమీదికి ఎప్పుడొచ్చింది?

అరవై ఏళ్ళ కిందటి రచయితకి ఈ బాధ లేదు. టైపు మిషన్ మీద వరుసకీ వరుసకీ ఎడం ఉంచి కొట్టి, గ్రీకు అక్షరాలు చేత్తో రాసి పంపితే చాలు. 1961లో ఐబీఎం సెలెక్ట్రిక్ వచ్చాక టైపు బంతి మార్చి గుర్తులు కూడా కొట్టుకోగలిగారు. మిగతాది ప్రెస్సులో కంపోజిటర్ చూసుకునేవాడు. అది తేలిక పనేం కాదు. లెక్కలున్న రాతప్రతిని ఇంగ్లిష్ అచ్చుపనివాళ్ళు “పెనాల్టీ కాపీ” అనేవారు. శ్రమా ఎక్కువే, ఖర్చూ ఎక్కువే.

ఈ కథ 1977లో మలుపు తిరిగింది. డొనాల్డ్ కనూత్ రాసిన ‘ది ఆర్ట్ ఆఫ్ కంప్యూటర్ ప్రోగ్రామింగ్’ మొదటి సంపుటం 1968లో, రెండోది 1969లో మోనోటైప్ సీసపు అచ్చులతో అందంగా వచ్చాయి. రెండో సంపుటం కొత్త కూర్పు నాటికి ప్రచురణకర్తలు ఫోటోటైప్‌సెట్టింగ్‌కి మారిపోయారు. వచ్చిన ప్రూఫులు చూసి కనూత్‌కి ప్రాణం ఉసూరుమంది. అక్షరాలూ బాలేవు, వాటి మధ్య ఎడమూ బాలేదు. అదే ఏడాది ఆయన డిజిటల్ యంత్రంతో కూర్చిన మరో పుస్తకం ప్రూఫులు చూశాడు. అందులో అక్షరమంటే చుక్కల బొమ్మ. ఉంటే ఒకటి, లేకపోతే సున్నా. ఒకట్లూ సున్నాలూ అయితే అది తన పనేగా అనుకున్నాడు. కొద్ది నెలల్లో అయిపోతుందనుకున్న టెక్ ఆయన జీవితంలో దాదాపు పదేళ్ళు తినేసింది. మూడో సంపుటం 1973లో వస్తే, నాలుగో సంపుటం మొదటి భాగం 2011లో గానీ రాలేదు.

టెక్ చేసిందల్లా కంపోజిటర్ చేతిలోని ఒడుపుని లెక్కలోకి దించడం. ప్రతి అక్షరం ఒక పెట్టె. పెట్టెల మధ్య సాగే, కుంచించుకునే జిగురు. వరుస ఎక్కడ విరవాలో ఆ వరుస మటుకే చూసి తేల్చదు, పేరా మొత్తం చూస్తుంది. వికారంగా వచ్చే ప్రతి విరుపుకీ ఒక శిక్ష. దాని పేరు ఇక్కడ కూడా పెనాల్టీయే.

1980లలో లెస్లీ లాంపోర్ట్ దానిమీద లేటెక్ కట్టాడు. రచయిత “ఇది శీర్షిక, ఇది సిద్ధాంతం” అని చెబితే చాలు, రూపం సంగతి స్టైల్ ఫైల్ చూసుకుంటుంది. జర్నళ్ళూ సదస్సులూ తమ తమ మూసలు ఇవ్వసాగాయి. “కెమెరా-రెడీ కాపీ పంపండి” అన్నారు. అంటే ఫోటో తీసి ఆఫ్‌సెట్ ప్లేటు చేయడానికి సిద్ధంగా ఉన్న పేజీ అని. ఇప్పుడు ఫోటో తీసేవాళ్ళు లేరు, మాట మిగిలింది. పనీ మిగిలింది, మన దగ్గర. కనూత్ ఇష్టపడి ఎత్తుకున్న బరువు మనకి నిబంధనగా సంక్రమించింది.

ఇందులో నన్ను గుచ్చే సంగతి ఇంకోటుంది. ఒకసారి ఒక వ్యాసం సమీక్షకి వచ్చింది. సమీకరణాలు వంకరగా, బొమ్మలు మసకగా, అంచులు తలోరకంగా ఉన్నాయి. మొదటి పేజీలోనే “ఇదేదో తేలిపోయే సరుకు” అని మనసులో తీర్పు ఇచ్చేశాను. నాలుగో పేజీలో నాకు తట్టని నిరూపణ ఒకటి కనిపించింది. మూస తెలిసినవాడి తప్పు కూడా శాస్త్రంలా కనిపిస్తుంది. తెలియనివాడి ఒప్పుని సగం దాకా ఎవరూ చదవరు. నేనూ చదవకుండా వదిలేసేవాణ్ణే.

తెలుగువాళ్ళకి ఈ చరిత్ర మరీ పరాయిదేం కాదు. గుడి పైన, ఒత్తు కింద. మన లిపి కూడా లెక్కల్లాగే ఒక్క గీత మీద నడవదు. మన వాక్యమూ పెనాల్టీ కాపీయే. అందుకేనేమో, యూనికోడ్ ఇంకా అందుబాటులోకి రాని రోజుల్లోనే మనవాళ్ళు తెలుగుని టెక్‌లోకి తెచ్చారు. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయం పేరుమీద వచ్చిన ఆర్‌టీఎస్ పద్ధతిలో, రోమన్ అక్షరాల్లో కొట్టింది తెలుగులో కనిపించేది. ఆ పని కూడా ఏ అచ్చాఫీసూ చేసిపెట్టలేదు. చదువుకోవాలనీ రాసుకోవాలనీ తపన ఉన్నవాళ్ళే చేసుకున్నారు.

ఆ రాత్రి చివరికి సమీకరణాన్ని రెండు ముక్కలు చేశాను, ప్లస్ గుర్తు దగ్గర. సణుగుడు ఆగింది. పొద్దున్నే వ్యాసం పంపబోతూ జర్నల్ సూచనలు మొదటిసారి పూర్తిగా చదివాను. మొదటి విడతకి ఏ ఫార్మాట్‌లో పంపినా ఫర్వాలేదట.